మైకమ్మగారి ఆయన

ఆయనకు మాట్లాడడం రాదనుకుంటే పొరపాటే. వచ్చు. అవసరం పడలేదు, అంతే. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆయన మాట్లాడాల్సినవి కూడా భార్యే మాట్లాడేస్తూ వచ్చింది కాబట్టి ఆయన గొంతు కొత్తదానిలాగే ఉండిపోయింది. కుట్టుమిషన్లు బాగుచేయడం ఆయన పని. బస్‌స్టాండు వెనక సందులో, సైకిళ్ళ షాపుకూ మందుల షాపుకూ మధ్య ఇరుక్కున్న గదిలో, పాత మిషన్ల మధ్య తానూ ఓ పాత మిషన్‌లా కూర్చుని ఉంటాడు. ఎవరైనా మిషను మోసుకొచ్చి, దారం తెగుతోందనీ సూది విరుగుతోందనీ ఏకరువు పెడితే, ఆయన చక్రం ఓసారి తిప్పి, చెవి దగ్గర పెట్టి విని, "రేపు" అంటాడు. షాపులో ఆయన వాడే మాట అదొక్కటే. ఇంట్లో ఇంకొకటి ఉంది. కూతురు ఫోన్ చేస్తే "ఉండు, అమ్మకిస్తా" అంటాడు.

ఇలాంటి మనిషికి ఓ పేరంటూ ఉంటుందని సందులో ఎవరికీ తట్టలేదు. కరెంటు మీటరు చూసేవాడి దగ్గర్నుంచి అందరికీ ఆయన మైకమ్మగారి ఆయన. ఒకసారి బ్యాంకులో ఎవరో అసలు పేరు పెట్టి పిలిస్తే, వెనక ఎవరో ఉన్నారనుకుని పక్కకు జరిగి దారిచ్చాడు. నవ్వుతారేం? మీకూ ఇంట్లో అంత మాట్లాడే మనిషుంటే మీ పేరూ మీకు గుర్తుండేది కాదు.

ఇక మైకమ్మ సంగతి. ఆవిడ బస్‌స్టాండులో అనౌన్సరు. మొదట టికెట్ల కౌంటర్లో ఉండేది. అప్పటి అనౌన్సరుకు ఎక్కిళ్ళు పట్టుకుని ఎంతకీ తగ్గకపోతే, ఎవరో ఒకరు చెప్పండమ్మా అని మైకు ఆవిడ చేతికిచ్చారు. ఇచ్చినవాళ్ళు మళ్ళీ తీసుకోలేకపోయారు. ఆఫీసువాళ్ళు రాసిచ్చే కాగితంలో బస్సు, వేళ, ప్లాట్‌ఫాం, అంతే ఉండేవి. మైకమ్మకు అవి ఏ మూలకూ చాలేవి కావు. మూడో ప్లాట్‌ఫాం దగ్గర ఎర్ర సంచీతో నిలబడ్డ నాయనా, నీ బస్సు ఐదో ప్లాట్‌ఫాంలో కదిలిపోతోంది, ఆ ఫోను జేబులో పెట్టి పరిగెత్తు అని బస్‌స్టాండంతా మారుమోగేలా చెప్పేది. తప్పిపోయిన పిల్లలకు మైకులోనే కథ మొదలుపెట్టేది, తల్లి వచ్చేదాకా. అనవసర ప్రసంగాలు చేయరాదని పైనుంచి తాకీదు వస్తే, దాన్ని కూడా మైకులో చదివి వినిపించింది.

వాళ్ళ పెళ్ళి కూడా మైకులోనే కుదిరిందని చెప్పాలి. అప్పట్లో ఆయన మిషన్ల సామాను కోసం పొరుగూరు నుంచి వస్తుండేవాడు. పని అయిపోయాక వెంటనే బస్సెక్కకుండా గోడవార బెంచీ మీద పనిముట్ల పెట్టె ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవాడు. ఒకరోజు స్పీకర్లో ఖంగుమని వినిపించింది. గోడవార బెంచీ మీద పెట్టెతో కూర్చున్న పెద్దమనిషి వరసగా బస్సులన్నీ వదిలేస్తున్నారట, ఆయన వెళ్ళాల్సిందెక్కడికో దయచేసి చెప్పాలట. బస్‌స్టాండు బస్‌స్టాండంతా తల తిప్పి చూసింది. ఆయన లేచి, చెమటలు తుడుచుకుంటూ అద్దాల గది దాకా నడిచి, కిటికీలోంచి, "ఇక్కడికే" అన్నాడు. జీవితానికి సరిపడా మాట అప్పుడే ఆడేశాడు, ఇంకెందుకు మాట్లాడతాడు అని సందులో వాళ్ళు ఇప్పటికీ అంటుంటారు.

అలా సాగిపోతున్న కాపురంలో మైకమ్మ నాలుక అంచున ఒక మచ్చ తేలింది. తెల్లగా, గరుకుగా, గింజంత. వేడి టీ తగిలితే చురుక్కుమంటోందని ఆవిడే అంది, పన్ను ఒరుసుకుంటోందని కూడా ఆవిడే తేల్చేసింది. పళ్ళ డాక్టరు చూశాడు. ఆ డాక్టరు నవ్వుతూ నవ్విస్తూ ఉండే మనిషి. చూస్తూ చూస్తూ నవ్వడం మానేసి, పెద్దాసుపత్రికి కాగితం రాసిచ్చాడు.

పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ వాళ్ళ కూతురి వయసుది. ముక్క తీసి పరీక్ష చేయించి, దాపరికం లేకుండా చెప్పింది. క్యాన్సరే. కానీ చిన్నది, పైపైన ఉంది, తొందరగా దొరికింది. కోసేస్తే పోతుంది, ప్రాణానికి ఢోకా లేదు. కాకపోతే నాలుకలో ఓ ముక్క పోతుంది కాబట్టి మాట ముద్దముద్దగా వస్తుంది, మైకు ఉద్యోగం మాత్రం మరిచిపోవాల్సిందే. రెండో దారి లైటు వైద్యం.

ఆయనకు మొదటి దారి తర్వాత ఏమీ వినపడలేదు. ఉద్యోగం గురించి కాదు ఆయన బెంగ. ఉద్యోగం పోతే పోతుంది. పొద్దున్న లేచింది మొదలు ఆ గొంతు వింటూ పళ్ళు తోముకుని, ఆ గొంతు వింటూ అన్నం తిని, షాపులో కూర్చున్నా గోడ అవతల నుంచి ఆ గొంతే వింటూ బాబిన్‌లలో దారం చిక్కు తీసుకునే మనిషి. అది ఆగిపోతే ఆ నిశ్శబ్దంలో తానేం చేయాలి? ఎవరు మాట్లాడతారు ఆ ఇంట్లో? తానా? మైకమ్మ మాత్రం రెండో దారి గురించి వరసపెట్టి అడుగుతోంది.

డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పింది. ఒక మందు నరంలోకి ఎక్కిస్తారు. కొన్ని రోజుల్లో అది వెళ్ళి ఆ మచ్చలో చేరుకుంటుంది. ఆ మందు తనంతట తాను ఏమీ చేయదు. దాని మీద ఒక రకం ఎర్ర లైటు పడితే అప్పుడు మేలుకుని, చుట్టూ ఉన్న చెడ్డ కణాలను చంపుతుంది. ఆ పని ఎంతవరకూ వచ్చిందో తెలుసుకోవడానికి పక్కనే ఒక కెమెరా ఉంటుంది. మందున్న చోటు దాని తెర మీద గులాబీ రంగులో వెలుగుతుంది. పని జరిగేకొద్దీ ఆ రంగు మాసిపోతుంది. ఎక్కడైనా మాయకుండా మిగిలితే అక్కడ ఇంకాస్త లైటు వేస్తారు. అయితే నాలుక కదిలితే బొమ్మ చెదిరిపోతుంది. బొమ్మ చెదిరితే మిషను తనే లైటు ఆపేస్తుంది, పక్కనున్న మంచి కండ మాడకూడదు కదా.

"అంటే అమ్మా, నోరు తెరిచి ఉంచాలి, మాట్లాడకూడదు. నాలుక కదలకూడదు. ఉండగలరా?" అని అడిగింది.

మైకమ్మ జన్మలో నోరు తెరిచి మాట్లాడకుండా ఉన్నది లేదు. అయినా అదెంత పని అన్నట్టు చెయ్యి ఊపింది. డాక్టరమ్మకు నమ్మకం కుదరక ఆయన వైపు చూసింది. భార్య గురించి ఒకరు తన అభిప్రాయం అడగడం ఆయనకు అదే మొదలు.

మందు ఎక్కించిన దగ్గర్నుంచి మైకమ్మ ఒంటి మీద వెలుతురు పడకూడదు, పడితే చర్మం కమిలిపోతుంది. ఆయన కిటికీలకు దుప్పట్లు కొట్టాడు, తలుపు సందుల్లో గుడ్డపీలికలు కుక్కాడు, గదిలో గుడ్డి బల్బొకటి పెట్టాడు. ఆ చీకట్లో మైకమ్మ మంచం మీద కూర్చుని, వీధిలో చప్పుళ్ళు విని ఎవరు పోతున్నారో చెప్పేది. సైకిల్ షాపతను చెప్పులు ఈడ్చుకుంటూ పోతున్నాడట. ఎదురింటి పిల్ల మళ్ళీ తాళం చెవి మరిచిపోయిందట. ఆయన "ఆఁ" అనేవాడు. ఆ "ఆఁ" అంటున్నప్పుడల్లా ఇంకెన్నాళ్ళు వింటానో అనిపించేది.

లైటు వేసే రోజు వచ్చింది. మైకమ్మకు ఆయన పెద్ద టోపీ పెట్టి, నల్లద్దాలు పెట్టి, చేతులకు తొడుగులు తొడిగి, తన వాన కోటు కప్పి, పైన గొడుగు పట్టి టాక్సీ ఎక్కించాడు. టాక్సీవాడు అద్దంలోంచి చూసి చూసి, అమ్మగారు సినిమాల్లో చేస్తారా అని అడిగాడు. కోటులోంచి, బస్‌స్టాండులో అని సమాధానం వచ్చింది. గొంతు గుర్తుపట్టి అతను అదాటున బ్రేకు వేశాడు. అతని తమ్ముడు చిన్నప్పుడు తప్పిపోతే ఈవిడే కథ చెప్పిందట.

ఆసుపత్రి హాల్లో జనం కిటకిటలాడుతున్నారు. కౌంటర్లో ఓ అమ్మాయి మైకులో టోకెన్లు పిలుస్తోంది. నంబరు బాగానే పలుకుతుంది గానీ ఏ గదికి వెళ్ళాలో చెప్పేసరికి ఊపిరి అయిపోయి చివరి మాట మింగేస్తోంది. జనం లేచి, ఎటు పోవాలో తెలియక, బిక్కమొహాలు వేసుకుని మళ్ళీ కూర్చుంటున్నారు. మైకమ్మ అది విని ఒళ్ళు మండిపోయి, కౌంటరు వైపు బయల్దేరింది. ఆయన కోటు పట్టుకుని ఆపాడు.

పై అంతస్తులో లైటు గది. ఆవిణ్ణి కుర్చీలో వెనక్కి వాల్చి, నాలుక మొద్దుబారడానికి సూది వేసి, నోరు మూతపడకుండా ఓ రబ్బరు ముక్క పెట్టి, నర్సు నాలుక కొసను గుడ్డతో పట్టుకుంది. ఆయన్ని అద్దం అవతల చిన్న గదిలో కెమెరా నడిపే ఆయన పక్కన కూర్చోబెట్టారు. కెమెరా ఆయన నడివయసు మనిషి. మనుషులతో చిరాగ్గానూ, మిషనుతో ముద్దుగానూ మాట్లాడతాడు. తెర మీద మైకమ్మ నాలుక మంచమంత కనిపించింది. దాని అంచున గులాబీ రంగు మచ్చ వెలుగుతోంది. పాడు మచ్చ, చూడ్డానికి ఎంత అందంగా ఉందో అని ఆయనకు కోపం వచ్చింది.

ఎర్ర లైటు వెలిగింది. కాసేపటికి టప్పున ఆరిపోయింది. తెర మీద బొమ్మ చెదిరింది.

మాట్లాడొద్దమ్మా అన్నాడు కెమెరా ఆయన. మైకమ్మ చెయ్యి అడ్డంగా ఊపింది, నేను మాట్లాడలేదని. మళ్ళీ వెలిగించారు. మళ్ళీ ఆరింది. నాలుక కదపొద్దమ్మా అన్నాడు. మైకమ్మ రెండు చేతులూ ఊపింది. నిజానికి ఆవిడ అబద్ధం చెప్పడం లేదు. మొద్దుబారిన నాలుక, కదిలినా ఆవిడకు తెలియదు. ఇలా వెలగడం, ఆరడం, కసరడం, చేతులూపడం జరిగి జరిగి కెమెరా ఆయన నెత్తి కొట్టుకున్నాడు. ఇంతమందికి చేశాను గానీ ఇలాంటి నాలుకను చూడలేదని మైకమ్మగారి ఆయనతో చెప్పుకున్నాడు, ఆ నాలుకను ఈయనే తయారుచేసి పంపినట్టు.

డాక్టరమ్మ మొహంలో నవ్వు పోయింది. ఆయన్ని పక్కకు పిలిచింది. మందు బలం ఇవాళ్టితో సరి, ఈ పూట కాకపోతే అది ఒంట్లోంచి దిగిపోతుంది. మళ్ళీ ఎక్కించాలంటే నెలలు ఆగాలి, మచ్చ అన్నాళ్ళు ఆగదు. అప్పుడిక కత్తే. కుర్చీలో నోరు తెరుచుకుని పైకప్పు వైపు చూస్తున్న భార్యను అద్దంలోంచి చూస్తూ నిలబడిపోయాడు.

కెమెరా తీసిందంతా మిషనులో ఉంటుంది కదా, డాక్టరమ్మ దాన్ని వెనక్కి తిప్పి శబ్దంతో సహా చూసింది. ఒకసారి చూసి, నుదురు చిట్లించి, మళ్ళీ చూసింది. తలుపు పైన ఉన్న స్పీకరు కేసి తలెత్తింది. అక్కడుంది తిరకాసు. కింద కౌంటరు అమ్మాయి టోకెన్ పిలిచినప్పుడల్లా, చివరి మాట మింగిన వెంటనే, తెర మీద నాలుక టకటకా కదులుతోంది. పెదవులు కదలవు, గొంతు రాదు. లోపల్లోపలే ఆ పిలుపును దిద్ది, సరిగ్గా మళ్ళీ పిలుస్తోంది.

"ఇంట్లో కూడా ఇంతేనా?" అని అడిగింది డాక్టరమ్మ.

"ఆఁ," అన్నాడు ఆయన. సరిపోలేదని తోచి ఇంకాస్త చెప్పాడు. "టీవీలో వార్తలు చదివేవాళ్ళ మాటలు కూడా ముందు ఆవిడే చెప్పేస్తుంది."

మైకమ్మకు ఆ బొమ్మ చూపించారు. తన నాలుక తనకు చెప్పకుండా చేస్తున్న నిర్వాకం చూసి ఆవిడ గుడ్లు తేలేసింది. నోట్లో రబ్బరు ముక్క తీయగానే, ముద్దముద్దగానే, ఆ పిల్ల గది నంబరు మింగేస్తుంటే ఊరుకోవడం ఎలా కుదురుతుందని ఎదురడిగింది. ఆ ముద్ద మాట విని ఆయనకు ఒళ్ళు జలదరించింది. మందు మత్తు వల్లే అని తెలుసు. కానీ కోస్తే ఎప్పటికీ ఇలాగే ఉంటుందేమో.

చెవుల్లో దూది పెట్టి చూశారు. అవి బస్‌స్టాండు చెవులు. ఇంజిన్ల హోరులో పిల్లవాడి ఏడుపు పట్టుకునే చెవులకు దూది ఓ లెక్కా. పైగా సగం సగం వినిపించేసరికి ఆవిడ మిగతా సగం ఊహించి మరీ చెప్పడం మొదలుపెట్టింది. నాలుక ఇంతకుముందుకంటే ఎక్కువ కదిలింది. దూది తీసేసి, స్పీకరు ఆపించారు. ఆసుపత్రి మొత్తానికి ఒకటే తీగ. ఇక్కడ ఆగితే అన్నిచోట్లా ఆగినట్టే. ఆగీ ఆగగానే కింద హాల్లో గోల మొదలైంది. ఎవరి వంతో తెలియక జనమంతా కౌంటరు మీద పడ్డారు. కౌంటరు అమ్మాయి రొప్పుకుంటూ పైకి వచ్చి, మైకు లేకపోతే నా గొంతు బల్ల కూడా దాటదు, నా వల్ల కాదని చెప్పేసింది. ఆ గోల మెట్ల మీదుగా లైటు గదిలోకీ వచ్చింది. గోలకూ మైకమ్మ నాలుక ఊరుకోదు. జనాన్ని సర్దడం ఆవిడ వృత్తి కదా.

కింద ఎవరో ఒకరు నిలబడి గట్టిగా పిలవాలి. కెమెరా ఆయన కెమెరా వదలకూడదు. నర్సు నాలుక వదలకూడదు. డాక్టరమ్మ లైటు వదలకూడదు. ముగ్గురూ ఒకేసారి ఆయన వైపు చూశారు. ఆయన వెనక్కి తిరిగి చూశాడు, ఎవరున్నారా అని. గోడ ఉంది.

కుర్చీలోంచి మైకమ్మ చేతులు వద్దు వద్దని ఆడించింది. ఆవిడ ఉద్దేశంలో తప్పేం లేదు. నోట్లో నాలుక లేని మనిషి, పాలవాణ్ణి చిల్లర అడగలేని మనిషి, ఆ గుంపులో ఏమైపోతాడోనని భయం. ఆయనకూ అదే భయం. కానీ తెర మీద ఆ గులాబీ మచ్చ అలాగే వెలుగుతోంది, ఒక్క పిసరు కూడా మాయలేదు. ఆయన కౌంటరు అమ్మాయి చేతిలోంచి టోకెన్ల కాగితం తీసుకుని మెట్లు దిగాడు.

కౌంటరు పక్కన ఓ స్టూలుంది. దాని మీదికెక్కాడు. అన్ని మొహాలు ఒక్కసారి తన వైపు తిరిగేసరికి, పై ప్రాణాలు పైనే పోయాయి. నోరు తెరిచాడు. పాపం, ఆ నోటికి అలవాటైన మాట ఒక్కటే ఉంది. అదే వచ్చింది.

"రేపు."

ఇక చూడండి. పొద్దుట్నుంచీ కూర్చున్నాం, రేపా అని ఒకాయన లేచాడు. ఎవడీ రేపు మనిషి అని ఇంకొకాయన. నిన్న కూడా ఇలాగే అన్నారని ఓ పెద్దావిడ, నిన్న ఎవరూ ఏమీ అనకపోయినా. స్టూలు కదిలిపోయింది. దిగి పారిపోదామనే అనుకున్నాడు. పారిపోవడం ఆయనకు బాగా తెలిసిన పని. కానీ ఈ గోలంతా పైకి వెళ్తోంది, పైన ఆవిడ నాలుక కదులుతోంది, లైటు ఆరుతోంది. ఆ లైటు ఆరితే తనకిక ఆ గొంతు లేదు. అది తలుచుకునేసరికి కడుపులోంచి ఏదో లేచి గొంతులోకొచ్చింది.

"అందరూ కూర్చోండి" అన్నాడు.

హాలు ఆ చివర మందులు కట్టేవాడు కూడా కూర్చున్నాడు. అంత గొంతు తనదేనా అని ఆయనే ఒకసారి చుట్టూ చూసుకున్నాడు. ఇన్నేళ్ళుగా వాడకుండా ఉన్న గొంతు, ఎక్కడా అరగలేదు, బీటలివ్వలేదు. కాగితం చూసి మొదటి టోకెన్ పిలిచాడు, మెట్ల పక్క ఎడమ గది అని చివరి అక్షరం దాకా చెప్పాడు. మనిషి లేచి, తిన్నగా ఎడమ గదిలోకే వెళ్ళాడు. ఆయనకు అది వింతగా తోచింది. తను ఒక మాటంటే ఒక మనిషి కదిలాడు. రెండోది పిలిచాడు. మూడోదానికి ఒక ముసలాయన కర్ర టకటకలాడించుకుంటూ చీపుర్లు పెట్టే గది వైపు పోతుంటే, అటు కాదు తాతగారూ, మీ కుడిచేతి వైపు పచ్చ తలుపు, తొందరేం లేదు డాక్టరుగారు మీకోసమే ఉన్నారు అని చెప్పాడు. హాల్లో ఎవరో నవ్వారు. నీళ్ళ సీసా మరిచిపోయినావిడకు సీసా గుర్తుచేశాడు. వరస తప్పి ముందుకు వస్తున్న ఒక పెద్దమనిషిని, కోటు వేసుకున్న బాబుగారూ, మీ ముందు నలుగురున్నారు, కాస్త దయ ఉంచండి అని వెనక్కి పంపాడు. ఈ మాటలన్నీ ఎక్కడివో ఆయనకు తెలియలేదు. ఎన్నో ఏళ్ళుగా గోడ అవతల నుంచి విని విని లోపల నిల్వ ఉన్నవి, ఇప్పుడు మూత తీయగానే వచ్చేస్తున్నాయి.

చివరికి నర్సు దిగి వచ్చి, ఇక చాలండీ, అయిపోయింది రండి అంది. ఆయన వినిపించుకోలేదు. ఒక్క నిమిషమమ్మా, ఈవిడకు ఎక్స్‌రే గది చెప్పి వస్తానన్నాడు. నర్సు స్టూలు పట్టుకుని ఊపితే గానీ దిగలేదు.

పైన తెర మీద నాలుక ఉంది, గులాబీ మచ్చ లేదు. అంతా మాసిపోయిందనీ, ఒక అంచున కొంచెం మిగిలితే అక్కడ ఇంకాస్త లైటు వేశామనీ, అదీ పోయిందనీ డాక్టరమ్మ చెప్పింది. నాలుక కదల్లేదా అని అడిగాడు. డాక్టరమ్మ విచిత్రంగా చూసింది.

"మీ గొంతు ఇక్కడిదాకా ఖంగుమని వినిపించింది బాబాయిగారూ. తలుపులన్నీ వేసినా వినిపించింది. మళ్ళీ మొదలవుతుందని హడలిపోయాను. ఒక్కసారీ కదల్లేదు."

కుర్చీలో మైకమ్మ, బస్‌స్టాండులోకి చెప్పాపెట్టకుండా వచ్చిన కొత్త బస్సును చూసినట్టు ఆయన్ని చూస్తోంది. అడుగుదామంటే నోరు మొద్దుబారి ఉంది.

అంతటితో గండం గడిచిందనుకోకండి. రంగు మాసిందంటే మందు పని చేసిందని మాత్రమే. రోగం వేళ్ళతో సహా పోయిందా లేదా అన్నది పుండు మానాక మళ్ళీ కెమెరా పెట్టి చూస్తే గానీ తేలదు. ఈలోగా నాలుక వాచింది. పాలూ జావా తప్ప దిగవు. పుండు పూర్తిగా మానేదాకా మాట్లాడొద్దని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది.

దుప్పట్లు కొట్టిన ఆ చీకటి ఇంట్లో మొదటి రోజు గోడ గడియారం చప్పుడు విని ఆయన ఉలిక్కిపడ్డాడు. ఆ గడియారం చప్పుడు చేస్తుందని ఇన్నాళ్ళూ తెలియదు. కూతురు ఫోన్ చేసింది. ఉండు, అమ్మకి, అని ఆగిపోయాడు. ఏం చేస్తాడు, మచ్చ రంగు మాసిన సంగతి చెప్పాడు, లైటు గురించి చెప్పాడు, స్టూలెక్కి రేపు అన్న సంగతి కూడా చెప్పేశాడు. కూతురు పడి పడి నవ్వింది. నవ్వాక ముక్కు చీదుకుంటూ, నాన్నా, మీరు ఇంతసేపు నాతో ఎప్పుడూ మాట్లాడలేదంది. ఆయన, అన్నం తిన్నావా అని అడిగాడు. తిన్నానంది. ఏం తిన్నావని కూడా అడిగాడు.

సాయంత్రాలు ఆయన దుప్పటి అంచు కాస్త తొలగించి తాను మాత్రం చూస్తూ, వీధిలో ఎవరు పోతున్నారో మంచం మీదున్న భార్యకు చెప్పడం నేర్చుకున్నాడు. సైకిల్ షాపతను కొత్త చెప్పులు కొన్నాడట. ఎదురింటి పిల్ల తాళం చెవిని మెళ్ళో కట్టుకుందట. మైకమ్మ వినేది. మధ్యలో చెయ్యి ఊపి ఆపేది కాదు, దిద్దేది కాదు. అది ఆయన్ని మరీ భయపెట్టింది. దిద్దని మైకమ్మ మైకమ్మేనా? ఓ సాయంత్రం ఉండబట్టలేక, నువ్వు మాట్లాడకపోతే నాకు ఇల్లు ఇల్లులా లేదు, ఇదంతా నేను ఊరికే వాగుతున్నది, నువ్వు వచ్చేదాకా సీటు పట్టుకుని కూర్చున్నట్టు అని చెప్పేశాడు. చీకట్లో ఆవిడ మొహం కనపడలేదు. చెయ్యి మాత్రం వచ్చి ఆయన చెయ్యి మీద పడింది.

పుండు మానింది, చీకటి రోజులూ తీరాయి. మళ్ళీ పెద్దాసుపత్రికి వెళ్ళారు. ఈసారి మందు లేదు. నీలి లైటు కింద మంచి కండ ఆకుపచ్చగా, రోగమున్న చోటు నల్లగా కనిపిస్తుందట. తెర మీద నాలుక మళ్ళీ మంచమంత కనిపించింది. కెమెరా ఆయన అటు నుంచీ ఇటు నుంచీ తీశాడు. లోపలి పొరల కోసం స్కానింగు కూడా చేశారు. మైకమ్మగారి ఆయన ఆకుపచ్చలో నలుపు వెతికాడు. ఆయనకైతే అన్నిచోట్లా నల్లగానే కనిపించింది. భయం అలాంటిది.

డాక్టరమ్మ చాలాసేపు చూసి, తల ఊపి, లేదు, ఏమీ లేదు, ఎక్కడా లేదంది.

ఆయనకు నమ్మకం చిక్కలేదు. కుర్చీలోంచి లేచి తెర దగ్గరకు వెళ్ళాడు. అమ్మా, ఈ అంచు మీద, ఇక్కడ చూడండి, కొంచెం ముదురుగా ఉంది, ఇది నీడో ఏమో నాకు తెలియదు గానీ, లైటు వేసిన రోజు కూడా ఇక్కడే కాస్త మిగిలిందన్నారు, మరి ఇప్పుడు... అని వేలు పెట్టి చూపిస్తూ అడుగుతున్నాడు. డాక్టరమ్మ ఆ సంతోషంలో ఆయన మాట సగంలోనే మైకమ్మ వైపు తిరిగింది. ఇక మాట్లాడొచ్చమ్మా, ఏదైనా ఒక మాట అనండి, నాలుక ఎలా తిరుగుతోందో వింటాను అంది.

మైకమ్మ నోరు తెరిచింది. మళ్ళీ మూసింది.

ఆయన తల తిప్పి భార్య నోటి వైపు చూశాడు. రావడం లేదా? రాదా? కెమెరా ఆయన కూడా మిషను వదిలి చూస్తున్నాడు. మైకమ్మ డాక్టరమ్మ వైపు చూడలేదు, భర్త వైపే చూసింది.

"ఉండండి డాక్టరుగారూ. ఆయనేదో అడుగుతున్నారు. ముందు అది పూర్తి కానివ్వండి."

అక్షరం ముక్క పోలేదు. బస్‌స్టాండు ఆ చివరిదాకా వినిపించే గొంతు. అది విన్నాక ఆయనకు అడగాల్సిందేమిటో ఒక్క ముక్క గుర్తు రాలేదు. తెర మీద పెట్టిన వేలు తీయడం మరిచిపోయి, కళ్ళ నీళ్ళు ధారలు కడుతుంటే అలాగే నిలబడిపోయాడు. మైకమ్మ ఏమీ అనలేదు. ఆయన మాట కోసం కాచుకుని కూర్చుంది.